ఇంజన్ హీట్, కూలెంట్ లీకులు, హెడ్ గాస్కెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి నుంచి జూన్ దాకా కర్నూలు, అనంతపురం, కడప మెకానిక్ షెడ్లలో బానెట్ ఎత్తి పెట్టిన బండ్లు ఎక్కువవుతాయి. వచ్చే సందేహాలు మాత్రం ఏటా అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ బండి ఇప్పుడు ఏ దశలో ఉందో నేరుగా అక్కడికే వెళ్లండి.

## అనుమానం మొదలైనప్పుడు

హెడ్ గాస్కెట్ అంటే ఏంది? అది పోతే ఏమవుతుంది?

ఇంజన్ కింది భాగం బ్లాక్, పై భాగం హెడ్. ఆ రెంటి మధ్య బిగించే పలుచని పలకే హెడ్ గాస్కెట్. ఇప్పటి కార్లలో ఎక్కువగా స్టీలు రేకులు పొరలుగా పేర్చినవి వస్తున్నాయి. సిలిండర్లో మండే గ్యాసు, ఇంజన్‌ను చల్లార్చడానికి తిరిగే కూలెంట్ (వాడుకలో నీళ్లు), పైకెక్కే ఆయిల్, ఈ మూడూ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపడమే దాని పని.

ఎక్కడ తెగిందనే దాన్ని బట్టి లక్షణాలు మారతాయి. సిలిండరుకూ నీళ్ల దారికీ మధ్య తెగితే, బండి నడిచేటప్పుడు గ్యాసు రేడియేటర్లోకి వస్తుంది, ఆపాక కూలెంట్ సిలిండర్లోకి దిగుతుంది. నీళ్ల దారికీ ఆయిల్ దారికీ మధ్య తెగితే ఆయిల్ పాల రంగుకు తిరుగుతుంది. పక్కపక్క సిలిండర్ల మధ్య తెగితే నీళ్లు తగ్గవు, ఆయిల్ చెడదు, బండి మాత్రం లాగదు, నిలబెట్టినా వణుకుతుంది. అందుకే "ఆయిల్ బాగానే ఉంది కదా, గాస్కెట్ పోలేదు" అని తేల్చేయకూడదు.

కింద ఒక్క చుక్క పడటం లేదు. అయినా వారానికి అర లీటరు పోయాల్సి వస్తోంది. నీళ్లు యాడికి పోతాండాయి?

వేడి ఇంజన్ మీద పడిన కూలెంట్ నేలను చేరకముందే ఆవిరైపోతుంది. మిగిలేది ఎండిన మరక. కూలెంట్ రంగును బట్టి ఆకుపచ్చగానో గులాబీగానో, బోరు నీళ్లు కలిసి ఉంటే సున్నంలా తెల్లగానో కనబడుతుంది. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి ఆ మరకను వెతకండి.

ముందుగా రేడియేటర్ పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీని కలిసే అంచు చూడండి. ఐదారేళ్లు దాటిన బండ్లలో ఎక్కువగా అక్కడే కారుతుంది. తర్వాత హోస్ పైపుల క్లిప్పుల కింద, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వు) హౌసింగ్ చుట్టూ. వాటర్ పంపు కడుపులో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బయటికి రావడానికే దాన్ని పెట్టారు కాబట్టి దాన్ని ఎం సీల్‌తో మూస్తే జబ్బు దాచినట్టే. బ్లాక్ పక్కల కొట్టిన గుండ్రటి కోర్ ప్లగ్గులు తుప్పు పట్టి చెమ్మగిల్లుతాయి. సీఎన్‌జీ బండ్లలో గ్యాస్ రెడ్యూసర్‌ను వేడి చేయడానికి వెళ్లే సన్న కూలెంట్ పైపులు ఉంటాయి, వాటిని చాలామంది చూడనే చూడరు. ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా, జిగటగా ఉండి, కారులో తీపి వాసన వస్తుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే భాగం) కారుతోంది.

ఇవన్నీ పొడిగా ఉన్నాయంటే అప్పుడు లోపలి లీకును అనుమానించాలి.

ఏసీ వేసి ఆపినప్పుడు కారు కింద నీళ్లు పడుతున్నాయి. కూలెంటేనా?

వేలితో తాకి చూడండి. రంగు, వాసన, జిగురు లేని మామూలు నీళ్లయితే ఏసీ నీళ్లు, భయం లేదు. కూలెంట్ కొంచెం జారుడుగా, తీపి వాసనతో ఉంటుంది. నాలుకతో మాత్రం చూడకండి, అది విషం.

ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లటి నురగ. గాస్కెట్ పోయినట్టేనా?

ఒక్క మూత చూసి చెప్పలేం. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో, ముఖ్యంగా చలికాలంలోనూ వానల్లోనూ, ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపలి తేమ మూత కింద నురగలా పేరుకుంటుంది. హైవే మీద గంటసేపు నడిపితే అది పోతుంది.

డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద ఆయిల్ కూడా పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా, ఆయిల్ మట్టం పోసినదానికన్నా పెరిగినా కూలెంట్ కలిసినట్టే. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులకు పట్టు ఇవ్వదు. గాస్కెట్ ఖర్చుతో పోయేది క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పని దాకా వస్తుంది.

పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్ల పొగ. ఎప్పుడు భయపడాలి?

చలికాలం ఉదయం ఒకటి రెండు నిమిషాలు వచ్చి ఆగిపోయే పలుచని ఆవిరి సహజమే. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, తీపి వాసన వేస్తూ, కూలెంట్ తగ్గుతూ ఉంటే సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయి. ఇంకో గుర్తు: స్టార్ట్ చేసిన మొదటి అర నిమిషం ఒక సిలిండర్ పనిచేయనట్టు బండి కుదిపి, తర్వాత సర్దుకోవడం. రాత్రంతా దిగిన కూలెంట్ ప్లగ్గును తడిపితే అలాగే అవుతుంది. నీలిరంగు పొగ అయితే ఆయిల్ మండుతోంది, అది వేరే సమస్య.

గేజీ మధ్యలోనే ఉంది, అయినా ఇంజన్ హీట్ అయి పోయింది. ఎట్ల?

రెండు కారణాలు. చాలా కార్లలో సూది నిజమైన ఉష్ణోగ్రతను అంకె అంకెకూ చూపదు. మామూలు పరిధిలో ఎంత ఉన్నా మధ్యలోనే నిలబెట్టి, హద్దు దాటాకే పైకి లేచేలా తయారుచేస్తారు. రెండోది ఇంకా ప్రమాదం. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. నీళ్లు కారిపోయి సెన్సార్ దగ్గర ఆవిరి, గాలి మాత్రమే మిగిలితే సూది పెరగకపోగా కిందికి కూడా దిగవచ్చు. హీటర్ వేస్తే వేడి గాలి బదులు చల్లగాలి వస్తోందంటే నీళ్లు అయిపోయాయని గట్టి సూచన. కొత్త కార్లలో చాలావాటికి సూదే లేదు, ఎర్ర దీపం ఒక్కటే. అది వెలిగేసరికే ఆలస్యమైనట్టు లెక్క.

## దారిలో బండి వేడెక్కినప్పుడు

ఘాట్ ఎక్కుతుంటే సూది పైకి పోతాంది. వెంటనే ఏం చేయాలి?

గువ్వలచెరువు ఘాట్‌లోనూ, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే దారిలోనూ ఎండాకాలం మధ్యాహ్నం ఇది మామూలే. ఇంజన్ మీద బరువు ఎక్కువ, వేగం తక్కువ, రేడియేటర్‌కు గాలి తక్కువ.

సూది లేవడం మొదలైతే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడిలో, బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టి అద్దాలు దించండి. ఉక్కపోస్తుంది కానీ హీటర్ కోర్ కూడా చిన్న రేడియేటరే, కొంత వేడి అటు లాగుతుంది. గేరు ఒకటి తగ్గించి యాక్సిలరేటర్ నొక్కడం తగ్గించండి. మలుపులో కాకుండా వెడల్పుగా ఉన్న చోట ఆపండి.

ఆపాక, ఆవిరి రాకపోతే, రిజర్వ్ డబ్బాలో కూలెంట్ ఉంటే, ఫ్యాన్ తిరుగుతుంటే రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచవచ్చు. పంపు, ఫ్యాన్ తిరిగి వేడి మెల్లగా దిగుతుంది. ఆవిరి చిమ్ముతున్నా, ఎర్ర దీపం వెలిగినా, ఫ్యాన్ తిరగకపోయినా వెంటనే ఇంజన్ ఆపేయాలి.

ఆపిన తర్వాత ఎంతసేపటికి మూత తీయొచ్చు?

కనీసం అరగంట, ఎండలో అయితే ఇంకా ఎక్కువ. పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. రేడియేటర్ మూత 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, అందుకే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారి మరిగి పైకి ఎగజిమ్ముతాయి. ఆవిరి తగ్గని ప్రెషర్ కుక్కర్ మూత లాగినట్టే. ముఖం, చేతులు కాలిన వాళ్లు చాలామంది ఉన్నారు. పైపు మెత్తబడ్డాక మందపాటి గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమనే శబ్దం ఆగాకే పూర్తిగా తీయండి.

కూలెంట్ దగ్గర లేదు. బోరు నీళ్లు పోయనా?

దారిలో చిక్కుకున్నప్పుడు ఏ మంచి నీళ్లైనా పోయవచ్చు. క్యాన్ల ఆర్ఓ నీళ్లు దొరికితే అవి మేలు. వేడిగా ఉన్న ఇంజన్లో చల్లటి నీళ్లు ఒక్కసారి కుమ్మరించకూడదు. ఒక పక్క చల్లబడి ఒక పక్క వేడిగా ఉంటే హెడ్ వంగుతుంది, చీలుతుంది కూడా. ఇంజన్ చల్లారనిచ్చి, కొద్దికొద్దిగా పోయాలి.

ఊరు చేరాక మాత్రం ఆ నీళ్లను తీసేయించండి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. గిన్నె అడుగున కట్టే తెల్ల పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు.

షెడ్డు ఇంక పది కిలోమీటర్లే. ఆపి ఆపి నడుపుకుంటా పోవచ్చా?

వద్దు. అల్యూమినియం హెడ్ ఇనుప బ్లాక్‌తో పోలిస్తే వేడికి దాదాపు రెండింతలు సాగుతుంది. బోల్టులు కదలనివ్వవు కాబట్టి అది వంగుతుంది, మధ్యలో గాస్కెట్ నలుగుతుంది. ఎక్కువసార్లు వరుస ఇలా ఉంటుంది: ముందు చిన్న లీకు, తర్వాత కూలెంట్ తక్కువ, తర్వాత వేడి, ఆఖర్న గాస్కెట్. వంద రూపాయల హోస్ క్లిప్పు దగ్గర ఆగాల్సిన పని హెడ్ దాకా పోవడానికి ఆ ఆఖరి పది కిలోమీటర్లు చాలు. ఎన్‌హెచ్ 44 మీద ఉంటే హైవే సహాయ నంబరు 1033కు ఫోన్ చేయండి, లేదా టోయింగ్ బండిని పిలవండి.

రేడియేటర్లో పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు. నిజమేనా? స్టాప్ లీక్ మందులో?

రేడియేటర్ జాలీలో సూదిమొన అంత రంధ్రం ఉంటే పసుపు పొడి ఉబ్బి కాసేపు మూసే మాట నిజమే. కానీ రంధ్రం ఎక్కడుందో దానికి తెలియదు. హీటర్ కోర్, రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్ అంచుల దగ్గరా పేరుకుంటుంది. షాపులో అమ్మే స్టాప్ లీక్ మందుదీ అదే తీరు. హెడ్ గాస్కెట్ దగ్గర మండే గ్యాసు ఒత్తిడికి ఇవేవీ నిలవవు. ఇంటికి చేరడానికి వేరే దారి లేనప్పుడు తప్ప వేయకండి, వేస్తే మెకానిక్‌కు దాచకుండా చెప్పండి. సిస్టమ్ అంతా కడగాల్సి ఉంటుంది.

## షెడ్డులో, హెడ్ విప్పక ముందు

మెకానిక్ చూడంగానే "గాస్కెట్ పోయింది" అన్నాడు. విప్పమనేముందు ఏ పరీక్షలు అడగాలి?

హెడ్ విప్పితే వెనక్కి రాలేం. కొత్త గాస్కెట్ తప్పనిసరి అవుతుంది. అందుకే ముందు ఈ పరీక్షలు చేయించండి. అన్నీ కలిపి ఒక పూట పని.

చల్లని ఇంజన్ మీద రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న బార్ వరకు గాలి కొట్టాలి. పదిహేను నిమిషాలు ముల్లు కదలకపోతే బయటి లీకు లేనట్టే. పడిపోతుంటే ఎక్కడ కారుతోందో కంటికే కనబడుతుంది. బయట ఎక్కడా కారకుండా ముల్లు పడుతుంటే, స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పించండి. ప్లగ్గు రంధ్రం నుంచి కూలెంట్ చిమ్మితే ఏ సిలిండరో కూడా తెలిసిపోతుంది. అదే పంపుతో మూతను కూడా పరీక్షించాలి. మూత స్ప్రింగు బలహీనమైనందుకే నీళ్లు పొంగిపోయే బండ్లున్నాయి. మూత మార్చడంతో తీరిపోయేదానికి హెడ్ విప్పడం అన్యాయం.

రెండోది గ్యాస్ పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ పై గాలిని నీలి రంగు ద్రవం గుండా లాగుతారు. పెట్రోల్ ఇంజన్ గ్యాసు కలిసి ఉంటే ద్రవం పసుపుకు, డీజిల్ అయితే ఆకుపచ్చకు తిరుగుతుంది. కూలెంట్ ద్రవంలో పడితే ఫలితం చెడుతుంది కాబట్టి ముందుగా మట్టం కొంచెం దించాలి.

మూడోది కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం. పెట్రోల్ ఇంజన్లకు మామూలుగా 10 నుంచి 14 బార్ మధ్య వస్తుంది. ఆ అంకెకన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పక్కపక్క రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే గాస్కెట్ ఆ రెంటి మధ్య తెగి ఉంటుంది.

రేడియేటర్లో బుడగలు వస్తున్నాయి. అదొక్కటి చాలదా?

చాలదు. కూలెంట్ కొత్తగా నింపిన బండిలో చిక్కుకున్న గాలి కూడా బుడగలుగా వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా ఎక్కువవుతుంటే అనుమానం బలపడుతుంది. చల్లని బండి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడితే ఇంకా బలమైన గుర్తు. నీళ్లు ఇంకా వేడెక్కనే లేదు, మరి ఆ ఒత్తిడి సిలిండర్ నుంచే రావాలి.

డీజిల్ బండి. రిజర్వ్ డబ్బాలో నల్లటి జిడ్డు తేలుతోంది. గాస్కెట్టేనా?

ముందు ఆయిల్ కూలర్ చూపించండి. చాలా డీజిల్ ఇంజన్లలో ఆయిల్‌ను చల్లార్చడానికి కూలెంట్ పక్కనుంచే వెళుతుంది. మధ్య పలక చిల్లు పడితే ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిలే కూలెంట్‌లోకి వస్తుంది. అలాగే కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తున్నా, ఈజీఆర్ కూలర్ (ఇంజన్లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగం) పగిలి ఉండవచ్చు. ఈ రెండూ హెడ్ జోలికి పోకుండా మార్చుకునేవి.

థర్మోస్టాట్ పీకేస్తే హీట్ సమస్యే ఉండదంటున్నాడు. తీయించనా?

తీయించవద్దు. మన ఎండలకు ఈ సలహా బాగా చెలామణిలో ఉంది, కానీ తప్పు. చాలా కార్లలో థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. తెరుచుకున్నాక దానివల్ల పెద్ద అడ్డేమీ ఉండదు. కొన్ని ఇంజన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండా ఇంజన్లోనే చుట్టు తిరుగుతుంది, ఎండలో వేడి ఇంకా పెరుగుతుంది. మామూలు రోజుల్లోనేమో ఇంజన్ సరిపడా వేడెక్కక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో మడ్డి చేరుతుంది. పాతది ఇరుక్కుందా లేదా తెలియాలంటే వేడి నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి తెరుచుకుంటుందో లేదో చూడండి. చెడిపోతే కొత్తది వేయించండి.

## హెడ్ విప్పాక

హెడ్ ఫేసింగ్ (వంగిన అడుగు తలాన్ని గీకి చదును చేయడం) చేయించాల్సిందేనా?

కొలిచి చెప్పాలి. నిటారు ఉక్కు స్కేలును హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు పెట్టి, కింద ఫీలర్ గేజీ (సందును కొలిచే సన్న రేకు) దూర్చి చూస్తారు. చాలా ఇంజన్లకు హద్దు 0.05 మి.మీ. పరిసరాల్లో ఉంటుంది, మీ ఇంజన్ అంకె మాన్యువల్లో చూడాలి. బ్లాక్ పై తలాన్ని కూడా ఇలాగే కొలవాలి, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

హద్దు దాటితే ఫేసింగ్ తప్పదు. కానీ లేత్ షాపుకు పంపేముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. నీళ్ల దారులు మూసి, గాలి ఎక్కించి, వేడి నీళ్లలో ముంచితే చీలిక ఉన్నచోట బుడగలు వస్తాయి. చీలిన హెడ్‌కు ఫేసింగ్ చేయడం దండగ. డీజిల్ ఇంజన్లలో ఎక్కువ గీకితే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. కొన్ని ఇంజన్లకు వేర్వేరు మందాల గాస్కెట్లు దొరుకుతాయి, అంచున ఉండే గాట్లు లేదా రంధ్రాల సంఖ్యే వాటి గుర్తు. పాత గాస్కెట్ పారేయకుండా ఆ గాట్లు చూసి తెప్పించాలి.

పాత హెడ్ బోల్టులే వేస్తానంటున్నాడు. సరేనా?

బిగించే లెక్కలో "ఇన్ని న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు" అని కోణం ఉంటే అవి చాలావరకు సాగే బోల్టులు. ఒకసారి సాగినవి మళ్లీ అంత పట్టు ఇవ్వవు, కొత్తవి వేయాలి. కొన్ని ఇంజన్లకు పొడవు కొలిచి మళ్లీ వాడే వీలుంది, అదీ మాన్యువల్ చెబితేనే.

మార్చిన నెలకే మళ్లీ పోయింది. ఎందుకట్ల?

ఎక్కువగా మొదటిసారి వేడెక్కడానికి కారణమైనది అలాగే ఉండిపోవడం వల్లే. మూసుకుపోయిన రేడియేటర్, తిరగని ఫ్యాన్, రెక్కలు తుప్పు తిన్న వాటర్ పంపు అలాగే ఉంటే ఎంత మంచి గాస్కెట్ అయినా నిలవదు. ఫ్యాన్ తిరగకపోతే ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీతో పాటు ఫ్యాన్ తిరగాలి. అప్పుడు తిరిగితే మోటారు బాగున్నట్టే, లోపం సెన్సార్ వైపు ఉంది.

మిగతావి చేతి పనిలో తప్పులు. స్టీలు గాస్కెట్‌కు నున్నటి తలం కావాలి. అల్యూమినియం మీద గ్రైండర్ డిస్కుతో గీకితే కంటికి కనబడని గుంటలు పడతాయి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు నిలిచి ఉంటే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ హెడ్‌ను నొక్కదు, ఒక్కోసారి బ్లాక్ పగులుతుంది కూడా. బిగింపు మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా, టార్క్ రెంచితో (ఎంత బిగువు పడుతోందో చూపే స్పానర్) జరగాలి. చేతి అంచనా ఎంత అనుభవజ్ఞుడిదైనా ఇక్కడ పనికిరాదు. కంపెనీ చెప్పని చోట గాస్కెట్ పేస్టు పూయకూడదు.

బిల్లులో గాస్కెట్ ధర కొంచెమే, మొత్తం మాత్రం చాలా ఎక్కువ. ఇంకేమేం ఉంటాయి?

ఎక్కువ భాగం కూలీ, లేత్ పని. వస్తువుల్లో బోల్టులు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గాస్కెట్లు, వాల్వ్ కవర్ సీలు, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ తప్పనివి. వాల్వ్ సీల్స్, థర్మోస్టాట్, టైమింగ్ బెల్టు, దానితో తిరిగే వాటర్ పంపు ఇప్పుడే మార్చుకుంటే మేలు, అవన్నీ ఎలాగూ విప్పే ఉంటాయి. పాత సామాను చూపించమని ముందే చెప్పండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మామూలు పాలసీలో యంత్రం దానంతటది చెడిపోవడానికి, అరుగుదలకు రాదు. రాయి తగిలి రేడియేటర్ పగిలితే ఆ దెబ్బకు వస్తుంది. ఆ తర్వాత కూడా నడిపి ఇంజన్ పోగొట్టుకుంటే ఆ భాగం సాధారణంగా ఇవ్వరు.

## రిపేరు అయ్యాక, ఎండాకాలం ముందు

మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు? నీళ్లు చాలవా?

మంచు కోసం కాదు. అల్యూమినియం, ఇనుము, రబ్బరు కలిసి ఉన్నచోట తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలు కూలెంట్‌లోనే ఉంటాయి. ఉత్త నీళ్లలో అవి లేవు. రెండోది, సగం కూలెంట్, సగం నీళ్ల మిశ్రమం మూత లేకుండానే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు, 1.1 బార్ మూతతో 125 డిగ్రీలు దాటుతుంది. బయట 43 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు ఆ తేడాయే బండిని కాపాడుతుంది. అలాగని ఉత్త కూలెంట్ పోయకూడదు. వేడిని మోయడంలో నీళ్లే మెరుగు కాబట్టి మోతాదు దాటితే చల్లదనం తగ్గుతుంది. గాఢమైన డబ్బా అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. "రెడీ టు యూజ్" అని ఉంటే ఏమీ కలపకూడదు.

ఆకుపచ్చ, ఎరుపు, నీలం. ఏది పోయాలి?

రంగు కంపెనీ వేసే అద్దకమే. మాన్యువల్లో రాసిన రకం చూసి పోయండి. రకాలు కలిస్తే తుప్పు ఆపే గుణం తగ్గిపోతుంది, కొన్ని కలిసినప్పుడు గుజ్జులా గడ్డకడతాయి. పాతకాలపు రకాన్ని రెండేళ్లకోసారి, ఎక్కువ కాలం వచ్చే రకాన్ని సుమారు ఐదేళ్లకు మార్చాలి.

కూలెంట్ నింపాక గాలి ఎలా తీయాలి?

బండి ముందు భాగం కొంచెం ఎత్తుగా ఉండేలా నిలపండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టండి. బ్లీడర్ స్క్రూ (గాలి బయటికి వదిలే చిన్న మర) ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా మెల్లగా పోసి బిగించండి. మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్‌ను మధ్యమధ్య పిసుకుతూ, మట్టం దిగినప్పుడల్లా నింపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, కింది హోస్ వేడెక్కుతుంది. నింపి మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. మరుసటి పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి, కొంచెం దిగి ఉండటం సహజం. ఆ తర్వాత కూడా రోజూ దిగుతుంటే షెడ్డుకు తీసుకెళ్లాలి.

పాత కారు కొంటున్నా. గాస్కెట్ సంగతి ఎలా పసిగట్టాలి?

బండిని ముందే స్టార్ట్ చేసి పెట్టవద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే రంగున్న కూలెంట్ కనబడాలి. తుప్పు నీళ్లు, ఉత్త నీళ్లు, జిడ్డు, పసుపు పొడి ఏది కనబడినా ధర మాట్లాడకముందే గ్యాస్ పరీక్ష చేయించండి. హెడ్, బ్లాక్ కలిసే గీత మీద ఒక్కచోట మాత్రమే కొత్తగా మెరుస్తున్నా, బోల్టుల మీద తాజా స్పానర్ గుర్తులున్నా హెడ్ విప్పారని అర్థం. విప్పడం తప్పేమీ కాదు, బిల్లు చూపించగలిగితే. అరగంట నడిపి, ఏసీ వేసి పదిహేను నిమిషాలు నిలబెట్టి, ఫ్యాన్ వచ్చి పోతోందా చూడండి.

తీసిన పాత కూలెంట్ ఏం చేయాలి?

మోరీలో, మట్టిలో పారబోయవద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, మేకలు నాకి చచ్చిపోతాయి, పిల్లలకూ అంతే ప్రమాదం. మూతున్న క్యాన్‌లోకి పట్టి, మీద పేరు రాసి, వాడిన ఆయిల్, రసాయనాలు తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఆయిల్ క్యాన్‌లో మాత్రం కలపకండి. తాగునీళ్ల సీసాలో ఎప్పుడూ పోసి పెట్టకండి.